క్రూయిజ్‌లో 22 మంది కుటుంబం: డిన్నర్ టేబుళ్లు ఎలా అడగాలి?

అలలవెంట:
ఏడు రాత్రుల క్రూయిజ్, మొత్తం 22 మందిమి, 8 కేబిన్లు. అయిదు కేబిన్లు ట్రావెల్ ఏజెంట్ ద్వారా, మూడు నేరుగా కంపెనీ సైట్‌లో బుక్ అయ్యాయి. బయలుదేరడానికి ఇంకా నాలుగు నెలలుంది. నానమ్మ వీల్‌చెయిర్‌లో ఉంటారు. పదేళ్లలోపు పిల్లలు అయిదుగురు, అందరికన్నా చిన్నదానికి ఏడాదిన్నర. ఒక పిల్లాడికి వేరుశనగ అలర్జీ. రోజూ రాత్రి మెయిన్ డైనింగ్ రూమ్‌లో అందరం కలిసి తినాలని పెద్దవాళ్ల కోరిక. ఇంతమందికి ఒకే టేబుల్ ఇస్తారా? ఫిక్స్‌డ్ టైమ్ (రోజూ ఒకే వేళ, ఒకే టేబుల్) తీసుకోవాలా, ఫ్లెక్సిబుల్ (మనకు వీలైన వేళ, అప్పుడు ఖాళీ ఉన్న టేబుల్) తీసుకోవాలా? ఇప్పుడు ఎవరితో మాట్లాడాలి, షిప్ ఎక్కాక ఎవరితో మాట్లాడాలి?

నీలికెరటం:
ఒకే టేబుల్ అడగకండి. ఇచ్చినా వద్దనండి. డైనింగ్ రూమ్‌లో మామూలుగా ఉండేవి రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది మంది కూర్చునే టేబుళ్లు. అంతకన్నా ఎక్కువ మంది అంటే టేబుళ్లు వరసగా కలిపి పొడుగ్గా వేస్తారు. ఈ చివర వాళ్ల మాట ఆ చివరకి వినపడదు, ఎవరైనా ఎదురుగా ఉన్న ముగ్గురు నలుగురితోనే మాట్లాడతారు. పైగా ఒక టేబుల్‌కి ఒక్కో కోర్సు అందరికీ ఒక్కసారే తెస్తారు. ఒకరు సూప్ ముగించకపోతే మిగతా అందరి తర్వాతి ప్లేటూ ఆగిపోతుంది. ఎనిమిది మంది టేబుల్ గంటన్నరలో ముగుస్తుంది. 22 మంది టేబుల్ రెండు గంటలు దాటినా తేలదు, ఈలోపు పిల్లలు కుర్చీలు దిగిపోతారు.

మీరు అడగాల్సింది ఇది: 8, 8, 6 మందికి పక్కపక్కనే ఉన్న మూడు టేబుళ్లు, మూడింటికీ ఒకే వెయిటర్ల జంట. ఒక వెయిటర్, ఒక అసిస్టెంట్ కలిసి చూసుకునే టేబుళ్లన్నింటినీ స్టేషన్ అంటారు. మీ సంఖ్య దాదాపు ఒక స్టేషన్‌కి సరిపోతుంది కాబట్టి ఇది అత్యాశేమీ కాదు. వీలైతే గుండ్రటి టేబుళ్లు అడగండి, వాటి దగ్గర అందరి ముఖాలూ అందరికీ కనిపిస్తాయి.

ఇక అసలు పని లింకింగ్, అంటే మీ బుకింగులన్నీ ఒకే గుంపువని కంపెనీ సిస్టమ్‌లో జత చేయించడం. 8 కేబిన్లంటే 8 బుకింగ్ నంబర్లు. ఇంటిపేరు ఒకటే అయినా మీరంతా ఒక కుటుంబమని కంపెనీ సిస్టమ్‌కి తనంతట తెలియదు. ఒక కాగితం మీద నంబరు, కేబిన్, అందులో ఉండేవాళ్ల పేర్లు, డిన్నర్ టైమ్ అని నాలుగు గళ్లు గీసి ఎనిమిదీ రాయండి. ఏజెంట్ చేసిన బుకింగుల గురించి కంపెనీ సాధారణంగా మీతో మాట్లాడదు, ఏజెంటే చెయ్యాలి. నేరుగా చేసిన మూడింటినీ ఏజెంట్ ముట్టుకోలేరు, అవి ఎవరి పేరు మీద ఉన్నాయో వాళ్లే ఫోన్ చెయ్యాలి. ఇద్దరి చేతుల్లోనూ ఆ ఎనిమిది నంబర్ల కాగితమే ఉండాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు: ఏజెంట్ తన అయిదూ లింక్ చేస్తారు, కంపెనీ ఆ మూడూ లింక్ చేస్తుంది, ఒకే కుటుంబం రెండు గుంపులై రెండు మూలల్లో తేలుతుంది.

లింక్ అయ్యాక రెండు సంగతులు చూసుకోండి. ఒకటి, ఎనిమిదింటికీ డిన్నర్ టైమ్ ఒకటే ఉండాలి. ఏడు ఎర్లీ (ముందు పంక్తి), ఒకటి లేట్ (తర్వాతి పంక్తి) అయితే లింక్ ఉన్నా పక్కన వెయ్యలేరు. రెండు, ఎవరైనా కేబిన్ రద్దు చేసుకుని మళ్లీ బుక్ చేస్తే కొత్త నంబర్ వస్తుంది, పాత లింక్ దానికి రాదు. బయలుదేరే ముందు నెలలో మళ్లీ ఒకసారి ఫోన్ చేసి ఎనిమిది నంబర్లూ అవతలివాళ్లచేతే చదివించుకోండి.

తెరచాప:
ఫిక్సెడా ఫ్లెక్సిబులా అన్నది ముందు మీ క్రూయిజ్ లైన్‌ని బట్టి ఉంటుంది. నార్వేజియన్ 2000లో ఫ్రీస్టైల్ మొదలుపెట్టినప్పటి నుంచి అక్కడ ఫలానా టైమ్, ఫలానా టేబుల్ అని కేటాయింపు లేదు. రాయల్ కరీబియన్‌లో ట్రెడిషనల్ (ఫిక్స్‌డ్), మై టైమ్ (ఫ్లెక్సిబుల్) అని రెండు పద్ధతులు. కార్నివాల్‌లో ఫిక్స్‌డ్‌తో పాటు యువర్ టైమ్ అనే ఫ్లెక్సిబుల్ పద్ధతి ఉంది. డిస్నీలో రోజుకో రెస్టారెంట్ మారుతుంది కానీ మీ వెయిటర్లు మీ వెంటే వస్తారు.

మీ సంఖ్యకి ఫిక్స్‌డే సరి. ఫ్లెక్సిబుల్‌లో రోజూ పక్కపక్కన మూడు టేబుళ్లు ఒక్కసారి ఖాళీ అవ్వాలి, అది సాగదు. కంపెనీ ఆప్‌లో పెద్ద గుంపుకి రిజర్వేషన్ చేద్దామన్నా చాలాసార్లు ఆ సంఖ్యే కనిపించదు. తప్పనిసరై ఫ్లెక్సిబుల్‌లోనే ఉండాల్సి వస్తే, తలుపులు తెరిచే వేళకే రోజూ ఒకే టైమ్‌కి మూడు గుంపులుగా బుక్ చేసుకుని, ఆ మూడూ పక్కపక్కన వెయ్యమని మొదటిరోజే డైనింగ్ రూమ్ వాళ్లకి చెప్పి పెట్టండి.

ఎర్లీ సాధారణంగా సాయంత్రం 5:30, 6 మధ్య ఉంటుంది, లేట్ 7:30, 8:30 మధ్య. ఏడాదిన్నర పాప, నానమ్మ ఉన్నారు కాబట్టి ఎర్లీయే నా ఓటు. దానికి ఇబ్బంది పోర్ట్ రోజుల్లో వస్తుంది. అయిదింటికి షిప్‌లోకి వచ్చి అరగంటలో 22 మంది తయారై కూర్చోవడం అయ్యేపని కాదు. డిన్నర్ టైమ్ ఖాయం చేసుకునే ముందే పోర్ట్ టైమింగులు చూడండి. సాయంత్రం ఆరు దాటాక బయలుదేరే పోర్టులు మూడు నాలుగు ఉంటే లేట్ గురించి ఆలోచించాల్సిందే. ఒకటి రెండే అయితే ఆ రాత్రులు బఫేకి వదిలెయ్యండి, రావడం లేదని ముందురోజే వెయిటర్‌కి చెబితే చాలు. లేట్ తీసుకుంటే పిల్లల సంగతి కూడా చూడాలి: డిస్నీలో లేట్ సీటింగ్ పిల్లలకు ముందుగా వడ్డించి, పెద్దలు తింటుండగానే కిడ్స్ క్లబ్ వాళ్లు వచ్చి తీసుకెళ్లే ఏర్పాటు ఉంది, దాని పేరు డైన్ అండ్ ప్లే. ఇంకెక్కడైనా అలాంటిది ఉందో లేదో బుకింగ్‌లోనే అడగండి.

ఇంకొకటి. పోర్టులో ఫోన్ దానంతటదే స్థానిక టైమ్‌కి మారిపోవచ్చు. డిన్నర్ నడిచేది షిప్ టైమ్ మీద. 22 మందిలో ఒక్కరి చేతికైనా షిప్ టైమ్ పెట్టిన మామూలు వాచ్ ఉండాలి.

మధ్యడెక్:
టేబుల్ నంబర్ కన్నా టేబుల్ ఎక్కడుందన్నది ముఖ్యం, నానమ్మగారి విషయంలో మరీను.

రెండు మూడు అంతస్తుల డైనింగ్ రూమ్‌లో లోపల మెట్లుంటాయి. లిఫ్ట్ దిగిన అంతస్తులోనే, తలుపుకి దగ్గర్లో టేబుల్ కావాలని స్పష్టంగా రాయించండి. ఆవిడ వీల్‌చెయిర్‌లోనే కూర్చుని తింటారా, కుర్చీలోకి మారతారా అన్నది కూడా చెప్పాలి. వీల్‌చెయిర్‌లోనే అయితే నడవ వైపున్న ఒక కుర్చీ తీసేసి ఉంచుతారు. మారేట్టయితే ఖాళీ వీల్‌చెయిర్ పక్కకు పెట్టించండి, లేదంటే ట్రేలు మోసేవాళ్ల దారికి అడ్డం. డైనింగ్ రూమ్ చాలా షిప్పుల్లో వెనక భాగంలో ఉంటుంది, అక్కడ ఇంజిన్ అదురు కొంచెం తెలుస్తుంది. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లుంటే గదిలో షిప్ మధ్యకు దగ్గరగా ఉన్న వైపు అడగండి. కిటికీ పక్క ఆశ పెట్టుకోవద్దు, అక్కడివి ఎక్కువగా ఇద్దరికీ నలుగురికీ వేసిన టేబుళ్లే.

కుర్చీల సంగతి. పిల్లలనందరినీ ఒక టేబుల్‌కి తోసేస్తే మొదటిరోజు సరదాగా ఉంటుంది, మూడోరోజుకి అక్కడ కాపలా కాసే ఇద్దరికి తిండి ఉండదు. 8, 8, 6లో ప్రతి టేబుల్‌కీ ఒకరిద్దరు పిల్లలు, వాళ్ల తల్లో తండ్రో ఉండేలా పంచండి. నానమ్మ టేబుల్ మధ్యది కావాలి. ఆవిడ, చంటిపిల్ల కదలరు. మిగతావాళ్లు రోజుకో టేబుల్ మారితే వారంలో అందరూ ఆవిడ టేబుల్ దగ్గర కూర్చున్నట్టవుతుంది. కానీ ఎవరు మారినా అలర్జీ ఉన్న బాబు మాత్రం ఒకే టేబుల్, ఒకే కుర్చీ. వెయిటర్ మనిషి ముఖాన్ని కాదు, కుర్చీ నంబర్‌ని ఆర్డర్‌లో రాసుకుంటాడు. బాబు కుర్చీ మారితే వేరుశనగ లేని ప్లేటు ఇంకో పిల్లాడి ముందుకి వెళ్తుంది, వాడి ప్లేటు వీడి ముందుకి వస్తుంది.

అలర్జీ ఇప్పుడే బుకింగ్‌లో రాయించండి, చివరివారం దాకా ఆగొద్దు. షిప్‌లో మొదటి రాత్రి హెడ్ వెయిటర్‌కి మళ్లీ నోటితో చెప్పండి. ప్రతి రాత్రీ భోజనం అయ్యాక మర్నాటి మెనూ అడిగి బాబుకి కావాల్సింది అప్పుడే ఎంచితే వంటగదికి విడిగా చెయ్యడానికి టైమ్ ఉంటుంది. బఫే రోజుల్లో ఇంకా జాగ్రత్త, ఒక గిన్నెలో గరిటె పక్క గిన్నెలోకి చేరుతుంది.

హై చెయిర్ ముందే అడగండి. దాన్ని నడవ మూలకి వెయ్యనివ్వద్దు, వేడి ట్రేలు సరిగ్గా చంటిపిల్ల తలమీదుగా పోతాయి.

అలలవెంట:
చాలా ఉపయోగంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. కాగితం రాసి చూస్తే తెలిసింది: ఏడు కేబిన్లకి ఎర్లీ ఖాయమైంది, నేరుగా బుక్ చేసినవాటిలో ఒకటి (ముగ్గురు) ఎర్లీ వెయిట్‌లిస్ట్‌లో ఉంది. చివరిదాకా రాకపోతే ఏం చెయ్యాలి? అలాగే ఒక రాత్రి స్పెషాలిటీ రెస్టారెంట్‌కి (షిప్‌లోనే విడిగా డబ్బు కట్టి తినేది) వెళ్దామంటున్నారు.

నీలికెరటం:
ముగ్గురే కాబట్టి కంగారు పడకండి. బయలుదేరేలోపు రద్దయ్యే బుకింగుల వల్ల వెయిట్‌లిస్ట్ కదులుతుంది. రాకపోతే మొదటిరోజు మధ్యాహ్నం చూసుకోవాలి. షిప్ ఎక్కిన రోజు టేబుల్ మార్పుల కోసం డైనింగ్ రూమ్ పెద్ద, మేట్ర డీ అంటారు, కొన్ని గంటలు ఒకచోట కూర్చుంటారు. ఆ టైమ్, చోటు ఆప్‌లోనో కేబిన్‌లో పెట్టిన కాగితంలోనో ఉంటాయి. ఎనిమిది కుటుంబాలూ వెళ్లకండి. మీలో ఒక్కరు, ఎక్కగానే, బఫే లంచ్‌కి వెళ్లకముందే, ఎనిమిది నంబర్ల కాగితంతో వెళ్లాలి. "మూడు టేబుళ్లు పక్కపక్కన కావాలి, ఈ ముగ్గురిని ఎర్లీలోకి తేవాలి, వీల్‌చెయిర్ ఉంది" అని ఈ వరసలోనే చెప్పండి. కుర్చీలు చాలకపోతే ఎనిమిది మంది టేబుల్‌కి తొమ్మిదో కుర్చీ పడుతుందా అడగండి, గుండ్రటివాటికి తరచుగా పడుతుంది.

ఏది చెప్పినా టేబుల్ నంబర్లు రాయించుకుని, డిన్నర్‌కి పావుగంట ముందు ఒకరు వెళ్లి కళ్లతో చూసి రండి. కాగితం మీద పక్క నంబర్లే అయినా మధ్యలో స్తంభమో వడ్డన బల్లో ఉండొచ్చు.

స్పెషాలిటీ మొదటి రాత్రి పెట్టుకోవద్దు. ఖాళీ దొరికినా సరే, ఆ రాత్రి మీ టేబుళ్లలో తప్పులు బయటపడాలి. అవి రెండోరోజు గానీ బయటపడకపోతే సర్దే అవకాశం తగ్గుతుంది.

తెరచాప:
దానికి నాదీ ఒక మాట. స్పెషాలిటీ రెస్టారెంట్లలో ఎక్కువ టేబుళ్లు ఇద్దరివీ నలుగురివీ, 22 మందిని అక్కడ ఒక్కసారి కూర్చోబెట్టడం కష్టం. టెప్పన్యాకీ (కళ్లెదుటే వేడి పెనం మీద వండి పెట్టే జపనీస్ పద్ధతి) అయితే పొయ్యి చుట్టూ ఉండే కుర్చీలు లెక్కే, ఒక్కో పొయ్యికి ఇంతమంది అని ఉంటుంది, మీ ఎనిమిదేసి గుంపుకి అది నప్పవచ్చు. వాళ్లు వాడే నూనె, సాస్‌ల సంగతి మాత్రం ముందు తెలుసుకోండి, అలర్జీ ఉన్న బాబు ఎదురుగానే వండుతారు. కుదరదంటే ఆ రాత్రి పెద్దవాళ్లు ఎనిమిది మంది ఒక టేబుల్ తీసుకుని వెళ్లిరావడం, మిగతావాళ్లు తమ టేబుళ్ల దగ్గరే ఉండటం మేలు. ఆ ఎనిమిది మంది రారని మెయిన్ డైనింగ్ రూమ్ వెయిటర్‌కి ముందే చెప్పండి, లేకపోతే ఖాళీ కుర్చీల కోసం మిగతావాళ్ల ఆర్డర్ ఆపుతాడు.