స్మార్ట్ మీటరా, ఇంటికొచ్చి తీసే రీడింగా?

మిర్యాలగూడ వాసి:
మాది తెల్ల కార్డు, గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. ఎండాకాలం ఒక నెల రీడింగ్ ఆలస్యంగా తీశారు, 200 యూనిట్లు దాటింది, మొత్తం బిల్లు కట్టాల్సి వచ్చింది. రీడింగ్ తానే పంపే ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్ ఉంటే ఈ గొడవ తప్పుతుంది కదా?

జడ్చర్ల అన్న:
రీచార్జి అయిపోయి కరెంటు పోతే? ఇప్పుడైతే గడువు దాటినా లైన్‌మన్‌ను రెండు రోజులు ఆగమని బతిమాలొచ్చు. మీటరును ఏమని బతిమాలుతాం?

నల్గొండ లెక్కల సారు:
ఇద్దరూ మీటరు చుట్టే తిరుగుతున్నారు. నన్నడిగితే చిక్కంతా స్లాబుల్లో, అంటే వాడకాన్ని బట్టి మారే రేట్లలో ఉంది. తెలంగాణలో 2022లో వచ్చిన రేట్లు చూడండి. వంద దాటి 200 లోపు అయితే మొదటి వందకు యూనిట్ 3.40, తర్వాతి వందకు 4.80. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు, ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. 201 అయితే మొదటి 200కీ 5.10 లెక్కన పడుతుంది, ఆపైది 7.70. మొత్తం 1,027.70. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల పైనే! మిర్యాలగూడ అన్నకైతే సున్నా నుంచి ఏకంగా వెయ్యి.

రోజుకు ఆరున్నర యూనిట్లు కాలే ఇంట్లో 30 రోజులకు 195. రీడింగ్ నాలుగు రోజులు ఆలస్యమై, దాన్ని రోజుల లెక్కన సర్దకపోతే 221. ఇంట్లో ఒక్క బల్బు కూడా ఎక్కువ వెలగలేదు.

ఇక ఇదే రేట్లతో ప్రీపెయిడ్ పెడితే, నెల మొత్తం తెలిసేదాకా మొదటి యూనిట్ ధర కూడా తేలదు. 201వ యూనిట్ కాలగానే బ్యాలెన్స్‌లోంచి ఆ తేడా అంతా ఒకేసారి కోయాలి. నెలాఖరులో ఆ టెన్షన్ ఎవరికి కావాలి?

సూర్యాపేట తమ్ముడు:
సార్, స్మార్ట్ అంటే ప్రీపెయిడే కానక్కర్లేదు. ప్రతి నెలా ఒకే తేదీన దూరం నుంచే రీడింగ్ తీసుకుని, బిల్లు తర్వాత కట్టించుకోవచ్చు. అది నాకిష్టమే. మీటరు మీద అనుమానముంటే, 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం ఫిర్యాదు చేసిన 5 రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి, కనీసం 3 నెలలు పోల్చి చూడాలి.

జడ్చర్ల అన్న:
ప్రీపెయిడ్ కాకపోతే నాకూ పేచీ లేదు.

పాలమూరు కిరాయిదారు:
మా ఓనర్ సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు 10 రూపాయలు తీసుకుంటాడు. తెల్ల కార్డు ఉండీ నాకు జీరో బిల్లు లేదు.

నల్గొండ లెక్కల సారు:
కిరాయిదారులకూ గృహజ్యోతి ఉంది, కానీ కార్డుకు కరెంటు కనెక్షన్ సర్వీస్ నంబర్ జత చేయాలి. సబ్ మీటరుకు అది ఉండదు. మీ పోర్షన్‌కు వేరే సర్వీస్ పెట్టించమని ఓనర్‌ను అడగండి.

పాలమూరు కిరాయిదారు:
అడిగిన సార్. ఇల్లు ఖాళీ చేయమన్నాడు.