‘ఐ యామ్ వెయిటింగ్’, ‘ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్’: ఏది ఎప్పుడు వాడాలి?

ప్రశ్న:
నమస్కారం. ‘రెండు గంటల నుంచి ఎదురుచూస్తున్నాను’ అని ఇంగ్లీషులో చెప్పాలంటే ‘ఐ యామ్ వెయిటింగ్ ఫర్ టూ అవర్స్’ అనవచ్చునా, లేక ‘ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్’ అనే తీరాలా? పని ఇంకా జరుగుతూనే ఉన్నప్పుడు ప్రెజెంట్ కంటిన్యువస్ ఎందుకు సరిపోదో దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
ఇక్కడ ‘హ్యావ్ బీన్ వెయిటింగ్’ అనే రాయాలి. ‘ఐ యామ్ వెయిటింగ్’ అంటే ఇప్పుడు ఎదురుచూస్తున్నానని తెలుస్తుందే తప్ప, ఎప్పుడు మొదలుపెట్టారో తెలియదు. గతంలో మొదలైన పని ఇప్పటిదాకా ఎంతసేపు సాగిందో చెప్పడానికి ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ ఉంది. కర్త తర్వాత ‘హ్యావ్’ గానీ, ‘హీ’, ‘షీ’, ‘ఇట్’ వంటి కర్తలకు ‘హ్యాజ్’ గానీ పెట్టి, ‘బీన్’ చేర్చి, ఆపైన క్రియ ఐఎన్‌జీ రూపం రాయాలి. కర్త ఎవరైనా ‘బీన్’ మారదు. ప్రశ్న అడిగేటప్పుడు ‘హ్యావ్’ ఒక్కటే కర్తకు ముందుకు వస్తుంది: ‘హౌ లాంగ్ హ్యావ్ యూ బీన్ వెయిటింగ్?’ నిడివికి ‘ఫర్ టూ అవర్స్’ అనీ, మొదలైన సమయానికి ‘సిన్స్ టెన్ ఓక్లాక్’ అనీ రాయాలి. తరచుగా వినిపించే ‘సిన్స్ టూ అవర్స్’ ప్రామాణిక ప్రయోగం కాదు.

రెండవ సమాధానం:
పై వివరణకు ఒక ముఖ్యమైన విషయం చేర్చాలి. పని అప్పుడే ఆగిపోయి, దాని ఆనవాళ్లు కళ్లెదుట ఉన్నప్పుడు కూడా ఇదే రూపం వాడతారు. వాన వెలిశాక తడిసిన నేలను చూసి ‘ఇట్ హ్యాజ్ బీన్ రెయినింగ్’ అనడం పూర్తిగా సరైనదే. అలాగే ‘ఐ హ్యావ్ రెడ్ ద బుక్’ అంటే పుస్తకం చదవడం పూర్తయిందని అర్థం. ‘ఐ హ్యావ్ బీన్ రీడింగ్ ద బుక్’ అంటే ఈమధ్య చదువుతూ ఉన్నానని మాత్రమే, పూర్తయిందో లేదో ఆ వాక్యం చెప్పదు. ఎన్ని పూర్తయ్యాయో లెక్క చెప్పేటప్పుడు మాత్రం ‘ఐ హ్యావ్ రిటెన్ త్రీ లెటర్స్’ అనే అనాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే ‘అతను నాకు చిన్నప్పటి నుంచి తెలుసు’ అనడానికి ‘ఐ హ్యావ్ బీన్ నోయింగ్ హిమ్’ అనవచ్చునా?

మొదటి సమాధానమిచ్చినవారు:
అనకూడదండీ. ‘నో’, ‘బిలీవ్’, ‘ఓన్’ వంటివి పనిని కాక స్థితిని చెప్పే క్రియలు కనుక, ఎంతకాలంగా ఉన్న స్థితి అయినా సాధారణంగా వాటికి ఐఎన్‌జీ రూపం రాదు. ‘ఐ హ్యావ్ నోన్ హిమ్ సిన్స్ చైల్డ్‌హుడ్’ అని రాయండి. ‘థింక్’ విషయంలో మాత్రం అర్థాన్ని చూసుకోవాలి: అభిప్రాయం చెప్పేటప్పుడు అది స్థితి, ఒక విషయాన్ని గురించి కొంతకాలంగా ఆలోచిస్తున్నామని చెప్పేటప్పుడు అది పని, కాబట్టి ‘ఐ హ్యావ్ బీన్ థింకింగ్ అబౌట్ ఇట్’ అనడం సరైనదే.