లీకైన 'మ్యాడ్‌విలనీ'లో, అసలు ఆల్బమ్‌లో ఉన్నది ఒకే గొంతా? (బిర్యానీ పందెం)

ఉప్పల్_బస్సు:
ఇంజినీరింగ్ మూడో ఏడు. పొద్దున్నా సాయంత్రం కాలేజీ బస్సులో, నెల రోజులుగా చెవిలో ఒకటే ఆల్బమ్. ర్యాపర్ ఎమ్.ఎఫ్. డూమ్, బీట్లు కట్టే మ్యాడ్‌లిబ్ కలిసి చేసిన హిప్‌హాప్ ఆల్బమ్ 'మ్యాడ్‌విలనీ'. మొన్న యూట్యూబ్‌లో దాని లీక్ వెర్షన్ అని ఒకటి దొరికింది. మాటలు చాలావరకు అవే, గొంతు మాత్రం అది కాదు. ఆల్బమ్‌లో బద్ధకంగా గొణిగే మనిషి లీకులో గొంతు పెంచి, హుషారుగా దూకుతున్నాడు. కంప్యూటర్లో పిచ్ తగ్గించేసి ఉంటారని మా రూమ్మేట్ అంటాడు. కాదు, అసలు మనిషే వేరు అని నేను. మాస్కుతోనే కనిపించే డూమ్, తన బదులు వేరేవాళ్ళకి అదే మాస్కు తొడిగి షోలకి పంపేవాడట కదా, అందుకని. బిర్యానీ పందెం వేసుకున్నాం.

ఇంకో డౌటు. 22 ట్రాకులు, 46 నిమిషాలు. పల్లవి ఎప్పుడొస్తుందా అని చూస్తుంటే పాటే అయిపోతోంది. కావాలనే అలా చేశారా, పూర్తి చెయ్యకుండా వదిలేశారా?

సీడీల_డబ్బా:
తమ్ముడూ, పందెం ఇద్దరూ ఓడిపోయారు. మనిషి ఒకడే. మిషను పనీ కాదు. మళ్ళీ కూర్చుని మొత్తం రికార్డు చేశాడు.

నేను 2003లో ఎమ్మెస్‌కి లాస్ ఏంజెలెస్ వెళ్ళా. అపార్ట్‌మెంట్‌లో నలుగురం, ముగ్గురం తెలుగువాళ్ళం. నాలుగోవాడు అక్కడి కుర్రాడే. వాడి దగ్గర మార్కర్‌తో 'డూమ్' అని గీకిన సీడీ ఒకటుండేది. కవర్ లేదు, పాటల పేర్లు లేవు. అదే ఆ లీకు. అంట్లు తోమడం నా వంతు వచ్చినప్పుడల్లా అదే పెట్టేవాడు, సగం పాటలు అర్థం కాకుండానే కంఠతా వచ్చేశాయి.

అసలు ఆల్బమ్ 2004 మార్చి 23న వచ్చింది. ఆ శనివారం రెండు బస్సులు మారి సన్‌సెట్ బూలెవార్డ్ మీద అమీబా అనే పెద్ద రికార్డుల షాపుకి వెళ్ళి కొన్నా. క్యాంపస్ లైబ్రరీలో గంటకి 7 డాలర్ల పని నాది. ఆ సీడీ అంటే రెండు గంటలు పుస్తకాలు సర్దడం. కవర్ మీద బూడిద రంగులో ఇనప మాస్కు, పైన మూలకి చిన్న నారింజ రంగు చతురస్రం. వచ్చేటప్పుడు బస్సులోనే డిస్క్‌మ్యాన్‌లో పెట్టా. ఎంత ఉసూరుమనిపించిందో! అప్పుడే నిద్ర లేచి, మొహం కూడా కడుక్కోకుండా మైకు ముందు కూర్చున్నట్టున్నాడు. నా డబ్బులు పోయాయి అనుకున్నా. రూమ్మేట్‌కి చెబితే, వాడు "నా సీడీయే బెటర్" అని నవ్వాడు.

జరిగింది ఏంటంటే, 2002లో మ్యాడ్‌లిబ్ రెడ్ బుల్ మ్యూజిక్ అకాడమీ అనే సంగీత వర్క్‌షాపు కోసం బ్రెజిల్ వెళ్ళాడు, సావో పాలోకి. వెంట ఈ ఆల్బమ్ పనిలో ఉన్న టేపు ఉంది. అది కాస్తా అక్కడ ఎవరో కొట్టేశారు. తర్వాత నెట్‌లోకి ఎక్కింది. అసలు విడుదలకి ఇంకా ఏడాది పైనే ఉంది. ఇద్దరికీ విరక్తి వచ్చి దాన్ని పక్కన పెట్టేశారు. 2003లో డూమ్ వేరే పేర్లతో రెండు ఆల్బమ్‌లు తెచ్చాడు, మ్యాడ్‌లిబ్ వెళ్ళి జె డిల్లా అనే ఇంకో బీట్ల మనిషితో ఒకటి చేశాడు. ఆ తర్వాత మళ్ళీ దీని దగ్గరికొచ్చి, డూమ్ గొంతు దించి, నెమ్మదించి, కొన్నిచోట్ల మాటలు మార్చి పాడాడు. చివరి పాట 'రైన్‌స్టోన్ కౌబాయ్' జాగ్రత్తగా విను. ఇంకా మెరుగులు కూడా దిద్దకముందే ఇది నెట్‌లోకి కారిపోయిందని, పాటల పేర్లు అచ్చయ్యేదాకా కూడా ఆగలేకపోయారని అందులోనే దెప్పుతాడు. అంటే ఆ దొంగ సీడీ వినుకుంటూ అంట్లు తోమిన నన్ను కూడా అన్నట్టే.

నాకు మింగుడు పడింది ఆ వేసవి సెలవుల్లో. లీకులో ప్రతి ప్రాస దగ్గరా వేలు పెట్టి చూపిస్తాడు, ఇదిగో చూశావా అని. అసలు దాంట్లో ప్రాస జారిపోయి రెండు లైన్లు దాటాక మనకి తడుతుంది. అప్పటికి ఇంకోటి వెళ్ళిపోయి ఉంటుంది. సీడీ వెనక్కి తిప్పక తప్పదు. లీకు రోజూ విన్నా ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు నేను. నన్నడిగితే ఆ దొంగతనం జరగకపోతే ఈ గొంతు పుట్టేది కాదు.

చిన్న పాటల సంగతి. కావాలనే. మ్యాడ్‌లిబ్ బ్రెజిల్‌లో పగలంతా పాత రికార్డులు కొనేవాడు. రాత్రి హోటల్ గదిలో ఒక చిన్న టర్న్‌టేబుల్, బాస్ ఎస్‌పి-303 అనే చేతి సంచిలో పట్టే శాంప్లర్ (పాత పాటల ముక్కలు కోసి మళ్ళీ మళ్ళీ తిప్పే మిషను), ఒక క్యాసెట్ డెక్కు, అంతే. 'రెయిడ్', 'స్ట్రేంజ్ వేస్', ఆ 'రైన్‌స్టోన్ కౌబాయ్' బీట్లు అక్కడివే. ఒక ముక్క దొరికితే దాన్ని తిప్పుతాడు. డూమ్ దాని మీద చెప్పాల్సింది చెప్పేసి లేచిపోతాడు. 'అకార్డియన్' రెండు నిమిషాలు కూడా ఉండదు. దాంట్లో పల్లవి పెడితే ఎక్కడ పెడతావు చెప్పు?

కర్నూలు_ట్రాన్సిస్టర్:
పై అన్న చెప్పిన కథ కరెక్టే గానీ, తీర్పు నేను ఒప్పుకోను. లీకులో ఉన్న ఆకలి అసలు దాంట్లో లేదు. ఆ హుషారు నాకిష్టం, ఇప్పటికీ అదే వింటా. దొంగతనం వల్ల మేలు జరిగిందనడం కూడా బాగాలేదు. డూమ్‌కి అది మొదటి దెబ్బ కాదు. తమ్ముడు సబ్‌రాక్ 1993లో కారు గుద్ది చనిపోయాడు. ఇద్దరూ కలిసి చేసిన ఆల్బమ్‌ని కవర్ బొమ్మ గొడవతో 1994లో ఎలెక్ట్రా కంపెనీ ఆపేసి, వీళ్ళని వదిలేసింది. ఆ టేపులు కూడా ఇలాగే చాటుగా చేతులు మారాయి.

ఇంట్లో నాన్న పాత హిందీ పాటల పిచ్చోడు. ఓసారి ఈ ఆల్బమ్‌లో 'షాడోస్ ఆఫ్ టుమారో' మోగుతుంటే వంటింట్లోంచి వచ్చి "ఇది ఆర్.డి. బర్మన్ కదమ్మా" అన్నాడు. నిజమే, అందులో ఆయన సినిమా పాట ముక్క ఉంది. ఆ మ్యాడ్‌లిబ్ 2007లో పూర్తిగా మన దేశపు సినిమా సంగీతం కోసి కుట్టి ఇంకో ఆల్బమే చేశాడు, బీట్ కండక్టా పేరుతో. నాన్నకి అది వినిపిస్తే "పాట మొదలెట్టి ఆపేస్తాడేంటి" అని విసుక్కుని రేడియో పెట్టుకున్నాడు.

పెద్దక్షరం:
మాస్కు తొడిగి వేరేవాళ్ళని పంపిన గొడవ ఈ ఆల్బమ్ వచ్చిన కొన్నేళ్ళకి మొదలైంది తమ్ముడూ, నీ లాజిక్ అక్కడే తప్పు.

డబ్బుల సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ ఆల్బమ్ తెచ్చిన స్టోన్స్ త్రో అప్పటికి చిన్న కంపెనీ. ఆఫీసు, ఇల్లు, స్టూడియో అన్నీ లాస్ ఏంజెలెస్‌లో మౌంట్ వాషింగ్టన్ గుట్ట మీద ఒకే ఇంట్లో. మ్యాడ్‌లిబ్ కూర్చునేది ఎవరో 1950ల్లో అణుబాంబు భయంతో కట్టుకున్న నేలమాళిగలో. డూమ్ అట్లాంటా వైపు నుంచి రావడానికి ఆయన తరఫువాళ్ళు విమానం టికెట్లూ 1,500 డాలర్లూ అడిగారు. టికెట్లు కొనేసరికి కంపెనీ జేబు ఖాళీ. డూమ్ దిగాక ఆయన మేనేజరమ్మ డబ్బులేవని కంపెనీలో ఈగన్ అనే అతన్ని నిలదీస్తుంటే, కింద డూమ్, మ్యాడ్‌లిబ్ పాటల్లో మునిగిపోయారు. ఈగన్ ఆమెని ఎంతసేపు మాటల్లో పెడితే కింద అంత పని జరిగినట్టు! ఒప్పందం రాసుకుంది కాగితం ప్లేటు మీదట. టిఫిన్ తిని పారేసే ప్లేటు.

అలాంటి కంపెనీ ఆల్బమ్ అమెరికా ఆల్బమ్‌ల అమ్మకాల పట్టిక బిల్‌బోర్డు 200లో 179వ స్థానం దాకా వెళ్ళింది. నంబరు చూస్తే నవ్వొస్తుంది గానీ, పిచ్‌ఫోర్క్ అనే మ్యూజిక్ రివ్యూల సైటు 10కి 9.4 వేసింది, న్యూయార్కర్ పత్రిక కూడా దీని గురించి రాసింది. అమ్ముడవడం మాత్రం ఏళ్ళ తరబడి ఆగలేదు.

డూమ్ 2020 అక్టోబరు 31న పోయాడు. ఇంటివాళ్ళు బయటపెట్టింది డిసెంబరు 31న. రెండు నెలలు ఎవరికీ తెలియనివ్వలేదు. అన్నట్టు తన పేరు రాసేటప్పుడు అన్నీ పెద్దక్షరాలే వాడమని ఒక పాటలో గట్టిగా చెప్తాడు. మన లిపిలో ఆ తేడాయే లేదు కాబట్టి ఈ థ్రెడ్‌లో అందరం క్షేమం.

ఉప్పల్_బస్సు:
అందరికీ థ్యాంక్స్. రూమ్మేట్‌కి ఇదంతా చదివి వినిపించా. పిచ్ తగ్గించినా, మనిషి తగ్గించినా తగ్గింది తగ్గిందే కదా, తనే గెలిచినట్టు అంటున్నాడు. చివరికి బిల్లు చెరి సగం అని తేలింది. అక్కా, మీ నాన్నగారికి ఏ ముక్క దగ్గర తెలిసిందో నిమిషం, సెకను చెప్పరూ? రేపు బస్సులో వింటా.

సీడీల_డబ్బా:
ఎక్స్‌ట్రా ముక్క నాకు పార్సిల్.