సూర్యలంక వెళ్తే మధ్యాహ్నం భోజనం ఎక్కడ? ఇంట్లో తెగట్లేదు

పటమట_నాన్న:
మే రెండో శనివారం బెజవాడ నుంచి సూర్యలంక పోతున్నాం, ఒక రాత్రి ఉండి ఆదివారం వచ్చేస్తాం. ఎనిమిది మందిమి, అందులో ఇద్దరు చిన్నపిల్లలు, మా నాన్నగారికి 72, షుగరు. పోయినసారి అక్కడ ఒక హోటల్లో ఒంటిగంటకి కూర్చుంటే అన్నం వచ్చేసరికి రెండున్నర అయింది, భోజనం వచ్చేస్తదిలే అని ముందే మాత్ర వేసుకున్నారు, చెమటలు పట్టేసి చేతులు వణికిపోయాయి, కారులో ఉన్న పిల్లల బిస్కెట్లూ జ్యూసూ ఇస్తే తేరుకున్నారు. అప్పట్నుంచీ నాకు భయం పట్టుకుంది. బావ రిసార్టులోనే తిందామంటాడు, మా ఆవిడ ఇంట్లో వండి పట్టుకెళ్దామంటది, పిల్లలకి చేపలు కావాలి. మీరైతే ఏం చేస్తారు?

బ్రాడీపేట_అక్క:
మీ ఆవిడ మాట వినండి తమ్ముడూ. పులిహోర సాయంత్రం దాకా చెక్కుచెదరదు. పెరుగన్నం పులుస్తదని భయపడతారు గానీ, చల్లారిన అన్నంలో పాలు పోసి ఒక్క చెంచా పెరుగు కలిపి పెట్టుకుంటే అక్కడికి వెళ్లేసరికి కమ్మగా తోడుకుని ఉంటది. నాన్నగారికి మాత్రం పులిహోర వద్దు, పుల్కాలూ కూరా విడిగా కట్టండి.

తెనాలి_కుర్రోడు:
సముద్రం దాకా పోయి పులిహోర ఏంటక్కా! ఒడ్డునున్న పాకల్లో వేడివేడిగా చేప వేపుడు తినకపోతే అసలు వెళ్లడం ఎందుకు? చేప చూసి తీసుకోండి అన్నా, మొప్పలు ఎర్రగా ఉండాలి, కన్ను లోపలికి పోకూడదు, వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి లేవాలి. రేటు ముక్కకా కిలోకా అనేది పొయ్యి మీద వెయ్యకముందే అడిగేయండి, తిన్నాక అడిగితే గొడవే.

చీరాల_వాడరేవు:
తమ్ముడూ, ఆయన వెళ్లేది మేలో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో ఇంజను బోట్లకి వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే టైమని. ఇంజను లేని చిన్న పడవలకి మినహాయింపు ఉంది గానీ, వాళ్లు తెచ్చేది ఊళ్లోకే సరిపోదు, ఇక శనాదివారం జనానికి ఎక్కడ వస్తది? ఆ రోజుల్లో ఎవరైనా వంజరం ఇప్పుడే ఒడ్డుకొచ్చింది అంటే నేనైతే నమ్మను, ఐసు పెట్టెలోదే అనుకుంటా. మాది వేటకెళ్లే ఇల్లు, ఆ రెండు నెలలూ మాకే పచ్చిచేప దొరకదు, ఎండుచేపల పులుసే. రొయ్యలు తినండి, ఈ చుట్టుపక్కల చెరువుల్లోవి, వాటికి ఏ నిషేధం లేదు.

తెనాలి_కుర్రోడు:
ఈ నిషేధం సంగతి నాకు తట్టలేదన్నా, మేలో అయితే చేప మాట వెనక్కి తీసుకుంటున్నా. పాక మాత్రం వదలను, రొయ్యల వేపుడైనా అక్కడే తినాలి.

బాపట్ల_లోకల్:
అందరూ ఒడ్డు దగ్గరే ఎందుకు తినాలనుకుంటారో నాకు అర్థం కాదండీ. మా ఊరు అక్కడికి తొమ్మిది కిలోమీటర్లే, 2022లో జిల్లా కేంద్రం అయింది, ఆఫీసుల వాళ్లు రోజూ తినే మెస్సులున్నాయి. రోజూ వచ్చేవాళ్లకి పెట్టేచోట నిన్నటి కూర పెడితే మర్నాడు ఎవడూ రాడు, ఒడ్డున మీరు మళ్లీ వస్తారో రారో వాళ్లకి తెలీదు కదా.

బ్రాడీపేట_అక్క:
ఉప్పునీళ్లలో తడిసిన పిల్లల్ని, ఒంటినిండా ఇసకతో, మే ఎండలో తొమ్మిది కిలోమీటర్లు వెనక్కి తెస్తారా? సగం దారిలోనే ఏడుపు మొదలవుద్ది.

బాపట్ల_లోకల్:
స్నానాలయ్యాక రమ్మనట్లేదు అక్కా. వచ్చేటప్పుడే పదకొండున్నరకి ఊళ్లో ఆగి తినేసి బీచికి పోవచ్చు. తిన్న వెంటనే నీళ్లలోకి దిగకుండా రూములో కాసేపు పడుకుని, ఎండ తగ్గాక నాలుగింటికి దిగితే సరి.

పటమట_నాన్న:
ఇది కుదిరేలా ఉంది. శనివారం వెళ్తూ బాపట్లలో భోంచేస్తాం, నాన్నకి పుల్కాల డబ్బా ఎటూ చేతిలో ఉంటది, ప్లేటు కళ్లముందుకి వస్తేనే మాత్ర. రాత్రికి రొయ్యలు, ఏడింటికే చెప్పి పెడతాం. ఆదివారం మధ్యాహ్నం జనం ఎక్కువ కాబట్టి రిసార్టులో పొద్దున్నే ఆర్డరు ఇచ్చేస్తా, బావ మాటా నిలబడుద్ది. చిన్నోడు మాత్రం చేపే కావాలని కూర్చున్నాడు.

చీరాల_వాడరేవు:
బోట్లు మళ్లీ కదిలాక జూన్ ఆఖర్లో మా వాడరేవు తీసుకురండన్నా, పొద్దున్నే ఒడ్డుకొచ్చిన కానాగంతలు వాడి చేత్తోనే ఏరించుకుని వండిద్దాం.