పసిపిల్లల బట్టల వ్యాపారం, బెంగళూరు: 1,20,000తో ఎక్కడ మొదలుపెట్టాలి?

కేఆర్‌పురం_కొత్తమ్మ:

అందరికీ నమస్కారం. పాపకి అయిదో నెల. ఉద్యోగానికి సెలవు ఇంకో నెలే ఉంది. ఆలోగా పసిపిల్లల బట్టల పని మొదలుపెట్టి, తర్వాత శని ఆదివారాల్లో నడుపుకోవాలని ఉంది. చేతిలో 1,20,000 ఉన్నాయి. కుట్టు వచ్చు. ఇంట్లో మామూలు మిషన్ ఉంది, అంచుల పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ లేదు. పుట్టినప్పటి నుంచి అయిదేళ్ల దాకా అన్ని సైజుల్లో జబ్లాలు, ఫ్రాకులు, రాత్రిపూట వేసే జతలు పెడదామనుకుంటున్నాను. తిరుప్పూర్ నుంచి రెడీమేడ్ తెచ్చి అమ్మడం మేలా, బట్ట కొని కుట్టించడం మేలా? ఇన్‌స్టాగ్రామ్‌లో అడుగుతున్నవాళ్లలో సగం మంది హైదరాబాద్, విజయవాడ వైపువాళ్లు. జీఎస్టీ ఇప్పుడే తీసుకోవాలా? పండగ బట్టలు కూడా అడుగుతున్నారు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

గార్మెంట్_క్యూసీ:

ముందు జాబితా తగ్గించండమ్మా. అయిదేళ్ల దాకా అంటే కనీసం ఎనిమిది సైజులు. మూడు మోడళ్లు, మూడు రంగులు అంటే 72 రకాలు. రకానికి అయిదు పీసులు పెట్టినా 360 అవుతాయి. అందులో 6-12 నెలలవి ముందు అయిపోయి మిగతావి అటకెక్కుతాయి. 3-6, 6-12, 12-18 నెలలు, ఈ మూడే తీసుకోండి. మోడళ్లు రెండు చాలు: మస్లిన్ (పలుచని నూలు నేత బట్ట) జబ్లా ఒకటి, నిట్ బట్టలో (టీషర్టులా సాగే అల్లిక బట్ట) రాత్రి జత ఒకటి. పది పీసుల్లో సైజుల వారీగా 2, 4, 4 కుట్టండి. మొదటి లాట్ (విడత) 150 పీసులు దాటొద్దు, ఖర్చు 40 వేలు దాటొద్దు. మిగతా డబ్బు రెండో లాట్‌కి. మొదటి లాట్‌లో ఏదో ఒకటి తేడా వస్తుంది, దాన్ని సరిదిద్దుకోవడానికి డబ్బు మిగలాలి.

తిరుప్పూర్ ఖాదర్‌పేటలో దొరికే చవక సరుకులో ఎగుమతి మిగులు చాలా ఉంటుంది. బట్ట బాగుంటుంది కానీ మళ్లీ అదే కావాలంటే దొరకదు, సైజులు అరకొరగా వస్తాయి. ఒక తల్లి బాగుందని ఇంకో రెండు అడిగితే మీ దగ్గర ఉండదు. ఆ సరుకు అపార్ట్‌మెంట్ స్టాళ్లకి సరిపోతుంది, సొంత పేరు నిలబెట్టదు. బట్ట కొని కుట్టించడమే మంచిది. మస్లిన్, కేంబ్రిక్ లాంటివి చిక్‌పేటలోనే మీటర్ల లెక్కన దొరుకుతాయి. నిట్ బట్టకి మాత్రం తిరుప్పూరే. మీకు కావలసిన రంగు వేయించాలంటే డైయింగ్ యంత్రానికి సరిపడా బట్ట కావాలి కాబట్టి, రెడీ స్టాక్‌లో ఉన్న రంగుల్లోంచే ఎంచుకోండి.

నిట్ కొనేటప్పుడు ఇలా అడగండి: 30 కౌంట్ (దారం సన్నదనం) కోంబ్డ్ కాటన్ (పొట్టి పోగులు దువ్వి తీసేసిన నూలు), సింగిల్ జెర్సీ (టీషర్టు అల్లిక), 150-160 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు), బయోవాష్ అయినది (పైనూగు తీసేసినది), కాంపాక్టింగ్ చేసినది (ముందే కుదించినది). అమ్మేది కిలోల్లో. 60 అంగుళాల పన్నా, 160 జీఎస్ఎం అయితే మీటరు సుమారు 244 గ్రాములు, అంటే కిలోకి నాలుగు మీటర్లు. 6-12 నెలల పొట్టిచేతుల చొక్కాకి కటింగ్ వేస్టుతో కలిపి 55-65 గ్రాములు పడుతుంది. మెడకి రిబ్ (గీతలుగా ఉండి బాగా సాగే అల్లిక) వేరేగా కొంటారు కదా, అది కూడా అదే డైయింగ్ లాట్‌లోది అడగండి. వేరే లాట్ అయితే దుకాణంలో ఒకేలా కనిపిస్తుంది, ఎండలో మెడ ఒక రంగు, ఒళ్లు ఒక రంగు.

కత్తెర పెట్టేముందు కుంచించుకుపోవడం చూడాలి. 60 సెంటీమీటర్ల చదరపు ముక్క కోసి, లోపల 50 సెంటీమీటర్ల చదరం రంగుదారంతో గుర్తు కుట్టండి. 40 డిగ్రీల నీళ్లలో మూడుసార్లు ఉతికి ఆరేసి, పొడవూ అడ్డమూ విడివిడిగా కొలవండి. పొడవు 47.5కి వస్తే 5 శాతం పోయినట్టు. చొక్కా పొడవు 34 కావాలంటే ప్యాటర్న్ 35.8 గీయాలి. ఆ ముక్క మూలలు ఒక పక్కకి మెలి తిరిగితే బట్టలోనే మెలిక ఉంది, ఉతికాక పక్క కుట్టు పొట్ట మీదికి వచ్చేస్తుంది. అలాంటి రోల్ కొనకండి. మస్లిన్ ఇంకా ఎక్కువ కుంచించుకుంటుంది కాబట్టి బట్టంతా ఒకసారి ఉతికాకే కోయాలి. నిట్ రోల్ విప్పాక కనీసం 24 గంటలు వదులుగా పరిచి ఉంచాలి. సాగిన బట్ట సాగినట్టే కోస్తే కుట్టాక పొట్టిదవుతుంది.

ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది మెడ దగ్గరే. ఏడాది బిడ్డ తల చుట్టుకొలత 46 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. చొక్కా మెడని రెండు చేతులతో లాగి టేపు మీద పెడితే సగం 24 రావాలి. రిబ్ పట్టీని మెడ కొలతలో 80-85 శాతం కోస్తారు. రిబ్‌లో లైక్రా (సాగి మళ్లీ ముడుచుకునే దారం) లేకపోతే నెలకే మెడ సాగి వేలాడుతుంది. భుజం మీద ఒకదానిపై ఒకటి పడే ఎన్వలప్ మెడ పెడితే బటన్ల గోలే ఉండదు, బట్ట పాడైనప్పుడు కాళ్లవైపు నుంచి కూడా తీసేయొచ్చు.

మీ మిషన్ మీద మస్లిన్ జబ్లాలు మీరే కుట్టుకోవచ్చు, ఓవర్‌లాక్ అక్కర్లేదు. ఫ్రెంచ్ సీమ్ వేయండి: ముందు తప్పువైపులు కలిపి 5 మిల్లీమీటర్ల దగ్గర కుట్టి, అంచు 3కి కత్తిరించి, తిప్పి 7 మిల్లీమీటర్ల దగ్గర రెండో కుట్టు. లోపల పోగులు కనబడవు, ఒళ్లు గీసుకోదు. సూది 9 లేదా 11 నంబరు. కుట్టుకి 1.2 సెంటీమీటర్లు పోతుందని ప్యాటర్న్‌లో ముందే కలపండి. నిట్ జతలు మాత్రం జాబ్ వర్క్‌కి (కూలికి కుట్టేవాళ్లకి) ఇవ్వండి. బొమ్మనహళ్లి, పీణ్య చుట్టుపక్కల గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పనిచేసి ఇంట్లో మిషన్లు పెట్టుకున్నవాళ్లు దొరుకుతారు. బాల్ పాయింట్ సూది (మొన గుండ్రంగా ఉండేది) 11 నంబరు, అంగుళానికి 10-12 కుట్లు, ఓవర్‌లాక్ కింది లూపర్లకి (కింది దారం నడిపే కొక్కేలు) ఊలీ నైలాన్ అనే మెత్తటి సాగే దారం, ఇవి కాగితం మీద రాసి ఇవ్వండి. మామూలు సూది వాడితే కుట్టు పక్కన చిన్న చిల్లులు పడతాయి. అవి మొదట కనబడవు, రెండో ఉతుకుకి జారి పెద్దవవుతాయి.

ఇక సూది విషయం. సూదులు మీరే లెక్కపెట్టి ఇవ్వండి. విరిగితే ముక్కలన్నీ వెతికి, ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి టేపుతో అంటించాలి. అన్నీ కలిపితే పూర్తి సూది అవ్వాలి. మొన ముక్క దొరక్కపోతే ఆ సమయంలో మిషన్ మీద ఉన్న పీసు పక్కన పెట్టేయడమే, అమ్మకూడదు. పెద్ద ఫ్యాక్టరీల్లో ఇదే పద్ధతి. పసిబిడ్డ ఒంటి మీద వేసేది, ఇక్కడ 100 రూపాయలు చూసుకోవద్దు. అలాగే చేతితొడుగుల్లో, సాక్సుల్లో లోపలి దారపు కొసలు పూర్తిగా కత్తిరించాలి. అవి బిడ్డ వేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు, బిడ్డ ఎందుకు ఏడుస్తోందో తల్లికి తెలియదు. మెడ దగ్గర, టోపీకి లాగే తాళ్లు పెట్టొద్దు. ఐరోపా ప్రమాణాలైతే ఏడేళ్ల లోపు పిల్లలకి అవి కూడదంటాయి.

పన్ను_లెక్క:

జీఎస్టీ గురించి. కర్ణాటకలో సరుకు అమ్మేవాళ్లకి ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నది నిజమే. అది రాష్ట్రం లోపల అమ్మితేనే. బెంగళూరు నుంచి విజయవాడకి ఒక్క ప్యాకెట్ కొరియర్ చేసినా అది అంతర్రాష్ట్ర అమ్మకం, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీ కొనుగోలుదార్లలో సగం ఆంధ్ర, తెలంగాణవాళ్లే అన్నారు కాబట్టి మొదటి ప్యాకెట్ పంపకముందే తీసుకోండి. కాంపోజిషన్ స్కీములో టర్నోవర్ మీద 1 శాతం పన్నే కదా అని కొందరు సలహా ఇస్తారు. అందులో ఉంటే వేరే రాష్ట్రానికి అమ్మడానికే వీల్లేదు.

రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వ రుసుము లేదు. అద్దె ఇల్లు అయితే అద్దె ఒప్పందం లేదా ఇంటి యజమాని సమ్మతి పత్రం, కరెంటు బిల్లు అడుగుతారు. యజమానితో ముందే మాట్లాడుకోండి, చాలామందికి పని ఆగేది అక్కడే. 2025 సెప్టెంబర్ 22 నుంచి పీసు ధర 2,500 వరకు జీఎస్టీ 5 శాతం, ఆపైన 18 శాతం. అమ్మకం లేని కాలానికి కూడా రిటర్న్ వేయాలి, ఆలస్యమైతే సున్నా రిటర్న్‌కే రోజుకి 20 రూపాయలు పడుతుంది. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో వస్తువు రకం చెప్పే అంకె) పసిపిల్లల నిట్ బట్టలకి 6111, మామూలు నేత బట్టకి 6209. ఇవి 86 సెంటీమీటర్ల ఎత్తు లోపు పిల్లలవి.

ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్‌తో అవుతుంది. డబ్బు అడిగే సైట్ల జోలికి పోకండి. ట్రేడ్‌మార్క్ 25వ తరగతి (బట్టలది), సొంత పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే 4,500. పేరు ఖాయం చేసుకునేముందు ఆ తరగతిలో వెతకండి, లేబుళ్లు అచ్చయ్యాక మార్చడం దండగ. ప్యాకెట్ మీద మీ పేరు, చిరునామా, వస్తువు పేరు, సైజు, ఎన్ని పీసులు, తయారైన నెల-సంవత్సరం, అన్ని పన్నులతో ఎమ్మార్పీ, ఫిర్యాదుకి ఫోన్ నంబరు ఉండాలి. ఇంకొకటి, మీ ఉద్యోగ నియామక పత్రం ఒకసారి చదవండి. పక్కన వ్యాపారానికి రాతపూర్వక అనుమతి కావాలని చాలా కంపెనీలు రాస్తాయి.

ధర దగ్గర ఒక లెక్క చూపిస్తాను, అంకెలు మీ కొటేషన్లతో మార్చుకోండి. నిట్ కిలో 450 అనుకుంటే చొక్కా బట్ట 27, రిబ్ దారం 5, బటన్లు 6, కటింగ్ కుట్టు 45, చెకింగ్ ఇస్త్రీ కవరు 12, లేబుల్ 4. మొత్తం 99, పాడయ్యేవి 5 శాతం కలిపితే 104. దాన్ని 249కి అమ్మితే జీఎస్టీ పోగా 237. కొరియర్ 80, పెట్టె 10, పేమెంట్ ఖర్చు 6 తీస్తే మిగిలేది 37. ఒక్కటి తిరిగొచ్చిందంటే కనీసం రెండు అమ్మకాల లాభం గాల్లో కలిసినట్టే. అదే మూడు కలిపి 699 పెడితే, అన్నీ పోగా 240 దాకా మిగులుతుంది. కొరియర్‌లో 500 గ్రాముల లోపు ఒకటే ధర కాబట్టి మూడు చొక్కాలు పంపినా ఖర్చు పెరగదు. పెట్టె పెద్దది వాడకండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చే బరువు అసలు బరువుకన్నా ఎక్కువైతే దానికే డబ్బు పడుతుంది.

పరికిణీ_పట్టు:

పండగ బట్టల సంగతి నేను చెప్తాను. మనవాళ్లకి బారసాల, అన్నప్రాసన, మొదటి పుట్టినరోజు ఉన్నాయి కాబట్టి ఈ వయసుకి పట్టు పరికిణీలు ఎప్పుడూ అడుగుతారు. కానీ రెండో లాట్‌లో పెట్టండి. ఆరునెలల పాపకి నడుము దగ్గర ఎలాస్టిక్ పెడితే పొట్టకి నొక్కుతుంది, కూర్చుంటే పైకి ఎగబాకుతుంది. మెత్తటి మల్ గుడ్డతో చేతుల్లేని బాడీ కుట్టి, పరికిణీని దానికి జతచేయండి. బరువు భుజాల మీద ఆనుతుంది. జరీ అంచు వెనకవైపు ఒంటికి గరుకుగా తగులుతుంది, కాబట్టి లైనింగ్ అంచు చివరిదాకా రావాలి. లైనింగ్ ముందే ఉతికి కోయండి. లేదంటే మొదటి ఉతుకుకి లోపలిది కుంచించుకుని పైపట్టు ముడతలు పడుతుంది. అంచుకి పైన 2 సెంటీమీటర్ల టక్కులు రెండు వేస్తే, ఒక్కోటి విప్పినకొద్దీ 4 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. ఏడాది దాటాక కూడా వేయొచ్చని ఫొటోలో విప్పి చూపించండి, అది చూసే కొంటారు.

కేఆర్‌పురం_కొత్తమ్మ:

అందరికీ ధన్యవాదాలు. మూడు సైజులకే దిగుతున్నాను, జీఎస్టీకి రేపే ఇంటి యజమానితో మాట్లాడతాను. ఒక సందేహం. మస్లిన్ జబ్లాకి ముందు ప్రెస్ బటన్లు పెడదామనుకుంటే, నమూనా పీసులో రెండుసార్లు లాగేసరికి బటన్ బట్టతో సహా ఊడొచ్చింది. బటన్ నాసిరకమా, బట్టే పలుచనా?

గార్మెంట్_క్యూసీ:

బట్ట పలుచన. మస్లిన్ ఒక్క పొరలో బటన్ పళ్లు పోగుల్ని కోసేస్తాయి. ముందు పట్టీ 2 సెంటీమీటర్ల వెడల్పున రెండు మడతలు వేసి, మధ్యలో పలుచని ఫ్యూజింగ్ (వేడికి అతుక్కునే గుడ్డ) ఇస్త్రీతో అంటించండి. అప్పుడు మూడు పొరలవుతాయి, పళ్లకి పట్టు దొరుకుతుంది. బటన్ 9.5 మిల్లీమీటర్ల రింగు రకం, నికెల్ లేనిది అని అడిగి కొనండి. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే ఇనుము, తుప్పు మరక పడుతుంది. రాత్రంతా ఉప్పునీళ్లలో వేసినా తెలిసిపోతుంది. ప్రెస్ చేశాక బటన్ గోటితో తిప్పితే తిరగకూడదు. తిరిగితే ఒత్తిడి చాలలేదు. అంచు బట్టని కోసినట్టు కనబడితే ఒత్తిడి ఎక్కువైంది.

తర్వాత సామాను తూచే కొక్కెం తూకం తెచ్చుకోండి. బటన్‌ని క్లిప్పుతో పట్టి కొక్కేనికి తగిలించి, 9 కిలోలు చూపేదాకా మెల్లగా లాగి 10 సెకన్లు ఆపండి. బటన్ ఊడకూడదు, చుట్టూ బట్ట చిరగకూడదు. ప్రతి రోల్‌కి, ప్రతి బటన్ ప్యాకెట్‌కి అయిదు పీసుల మీద చేయండి. అయిదులో ఒకటి ఊడినా ఆ లాట్‌కి బటన్లు మానేసి పక్కన కట్టే నాడాలు పెట్టండి. ముడి వేశాక కొస 7 సెంటీమీటర్లు దాటకూడదు, నాడా మొదలు కుట్టులోకి 1.5 సెంటీమీటర్లు దూర్చి రెండుసార్లు వెనక్కి కుట్టాలి.