మెట్రోకి 800 మీటర్లు అన్నారు, నడిస్తే 25 నిమిషాలు పట్టింది. ఏ ఫ్లాట్ తీసుకోవాలి?

తెనాలి_టు_హైదరాబాద్:
అందరికీ నమస్తే. రెండు ఫ్లాట్లు చూశాం, తేల్చుకోలేకపోతున్నాం. ఒకటి మియాపూర్ వైపు గేటెడ్ కమ్యూనిటీలో, పదమూడో అంతస్తు, గాలీ వెలుతురూ చాలా బాగున్నాయి. రెండోది చిక్కడపల్లి సందులో పాత అపార్ట్‌మెంట్, లిఫ్ట్ చిన్నది, కారు పెట్టుకోవడం కష్టం, కానీ స్టేషన్ పక్కనే. రేటు అటూఇటూగా ఒకటే. నా ఆఫీసు రాయదుర్గం, ఎక్కణ్ణుంచి వెళ్ళినా ఒకసారి రైలు మారాల్సిందే, మియాపూర్ నుంచైతే అమీర్‌పేటలో, చిక్కడపల్లి నుంచైతే పరేడ్ గ్రౌండ్స్ దగ్గర.

మొదటి దానికి బ్రోకర్ ఫోన్‌లో మ్యాప్ చూపించి 800 మీటర్లే సార్ అన్నాడు. మొన్న సాయంత్రం అమ్మని తీసుకుని స్టేషన్ నుంచి నడిచి చూశా. కమ్యూనిటీ వెనక గోడ స్టేషన్ వైపే ఉంది గానీ ఆ గోడకి గేటు లేదు, చుట్టూ తిరిగి మెయిన్ గేటుకి రావాలి, దారంతా ఇటు ఈ గోడ అటు ఇంకో గోడ, ఒక్క షాపు లేదు, ఫుట్‌పాత్ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ వస్తే రోడ్డు మీదకి దిగి నడిచాం. అమ్మకి 67, మోకాళ్ళ నొప్పి, కాసేపు కూర్చుందామంటే ఒక అరుగు కూడా దొరకలేదు. తెనాలిలో గుడికీ కూరగాయలకీ అన్నిటికీ నడిచి వెళ్ళిన మనిషి, ఇక్కడికొస్తే నేను గదిలోనే ఉండాలి కదరా అంది. ఆ మాట దగ్గరే ఆగిపోయా. మీలో మెట్రో దగ్గర ఉంటున్నవాళ్ళు కాస్త చెప్పండి.

చిక్కడపల్లి_వాసి:
అన్నా, నేను ఇక్కడ పదిహేనేళ్ళుగా ఉంటున్నా. మా చిక్కడపల్లి మీదుగా వెళ్ళే జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రో లైను 2020 ఫిబ్రవరిలో వచ్చింది, అంటే మెట్రో వచ్చేనాటికే ఇక్కడ సందులు, కొట్లు, లైబ్రరీ, గుడి, గానసభ అన్నీ ఉన్నాయి, స్టేషన్ వచ్చి వాటి మధ్యలో నిలబడిందంతే. మా మెట్లు దిగితే ఇస్త్రీ షాపు, పక్కన మందుల షాపు, ఆ పక్కన కర్రీ పాయింట్. సెంట్రల్ లైబ్రరీకి గ్రూప్స్ చదివే పిల్లలు వస్తుంటారు కాబట్టి రాత్రి పదింటికి కూడా రోడ్డు మీద మనుషులుంటారు, మా అక్క డ్యూటీ నుంచి ఆ టైంలో ఒక్కతే నడిచి వస్తుంది. కష్టాలు కూడా చెప్పాలి కదా, హారన్ల మోత ఎక్కువ, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వైపు నడవడం నరకం, కారుంటే మాత్రం రోజూ తలనొప్పే.

డ్రాయింగ్‌టేబుల్:
నేను ఆర్కిటెక్ట్‌ని, ఆ గోడలు ఎందుకొస్తాయో చెప్తా. హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం సైజుతో పోలిస్తే అన్ని అంతస్తులూ కలిపి ఎంత కట్టొచ్చన్న లెక్క) పరిమితి లేకుండా కట్టుకోవడానికి ఏళ్ళుగా వీలుంది, ఎత్తు ఎంతన్నది రోడ్డు వెడల్పూ స్థలం సైజూ బట్టి ఉంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా పెరుగుతుంది, దాంతో టవరు రోడ్డుకి దూరంగా జరుగుతుంది, మధ్యలో డ్రైవ్‌వే, చివర కాంపౌండ్ గోడ. చిన్న అపార్ట్‌మెంట్లలో ఇంకో గొడవ, కింద అంతస్తు మొత్తం స్టిల్ట్ పార్కింగ్, అంటే కొట్టు ఉండాల్సిన చోట కార్లుంటాయి, వీధిలో ఎంత నడిచినా బంపర్లే కనిపిస్తాయి. చిక్కడపల్లి పాత బిల్డింగులు రోడ్డుని ఆనుకుని ఉంటాయి, కింద షాపు పైన ఇల్లు. 2017లో కేంద్రం తెచ్చిన టీఓడీ పాలసీలో (మెట్రో లాంటి స్టేషన్ల చుట్టూ ఊరు పెరిగేలా చూసే పద్ధతి అన్నమాట) కూడా స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్ల లోపే, అంటే అయిదు పది నిమిషాల నడకలోనే ఇళ్ళూ ఆఫీసులూ షాపులూ కలిపి రావాలని ఉంది. కానీ మనవాళ్ళు ఆ 800 మీటర్లు మ్యాప్ మీద కొలుస్తారు, కాళ్ళతో కొలవరు.

బాల్‌స్టన్_తెలుగు:
మేం అమెరికాలో, వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో ఉంటాం. ఇక్కడ మెట్రోని ముందు హైవే మధ్యలోంచి వేద్దామనుకున్నారట, కౌంటీవాళ్ళు పట్టుబట్టి ఊరి మధ్య రోడ్డు కిందకి తెప్పించారు, 1979లో మొదలైంది. రాస్లిన్ నుంచి బాల్‌స్టన్ దాకా అయిదు స్టేషన్లు, ఒక్కో స్టేషన్ చుట్టూ పెద్ద బిల్డింగులు, నాలుగు వీధులు దాటేసరికి మామూలు ఇళ్ళు. మా అత్తయ్యగారు వచ్చినప్పుడు ఇంగ్లీషు రాకపోయినా, కారు నడపడం తెలియకపోయినా, రోజూ ఒక్కరే లైబ్రరీ దాకా నడిచి వచ్చేవారు. అంతకుముందు మేం దూరంగా ఉన్న సబర్బ్‌లో ఉండేవాళ్ళం, అక్కడ పాపం ఆవిడ మేం ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చునేవారు. మీ అమ్మగారి మాట చదవగానే అదే గుర్తొచ్చింది.

పదో_అంతస్తు:
గేటెడ్ అంటే అందరూ తిడుతున్నారు కాబట్టి రాస్తున్నా. మాదీ గేటెడే, పిల్లల్ని భయం లేకుండా కిందకి పంపిస్తాం, అది చిన్న విషయం కాదు. మాకూ ఇదే వెనక గోడ సమస్య ఉండేది. అసోసియేషన్ మీటింగుల్లో ఏడాది పాటు అడిగి అడిగి (సెక్యూరిటీ పోతుందని పెద్ద గొడవే అయింది) చివరికి మనిషి పట్టేంత చిన్న గేటు పెట్టించాం, కార్డు చూపిస్తే తెరుచుకుంటుంది, బండ్లు పట్టవు. స్టేషన్‌కి ఇరవై నిమిషాలు నడిచేవాళ్ళం, ఇప్పుడు ఏడు. నెల తిరక్కుండానే ఆ గేటు బయట ఇడ్లీ బండి వచ్చింది, తర్వాత ఇస్త్రీ బండి, ఇప్పుడు ఒకావిడ సాయంత్రాలు ఆకుకూరలు పెట్టుకుని కూర్చుంటుంది, ఇదివరకు ఆ రోడ్డులో వెళ్ళాలంటే మా ఆడవాళ్ళు భయపడేవాళ్ళు. అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ గోడ అవతల జాగా ఎవరిదో కనుక్కోండి, పబ్లిక్ రోడ్డయితే గేటుకి ఆశ ఉంది, ప్రైవేట్ ప్లాటయితే లేనట్టే.

తెనాలి_టు_హైదరాబాద్:
అందరికీ చాలా థాంక్స్ అండి. ఇవాళ వెళ్ళి కనుక్కున్నా, గోడ అవతల ఇంకో బిల్డర్ స్థలం, అక్కడా టవర్లే వస్తాయట. ఆదివారం అమ్మని చిక్కడపల్లి తీసుకెళ్తున్నా, ఈసారి స్టేషన్ దగ్గర దిగి తననే ముందు నడవమంటా. చిక్కడపల్లి అన్నా, మీ సందులో పిండి గిర్నీ ఉందా? అమ్మ మొదట అడిగేది అదే.

చిక్కడపల్లి_వాసి:
ఉందన్నా, గుడి వెనక సందులో. ఆదివారం మధ్యాహ్నం మూసేస్తాడు, పొద్దున్నే రండి.