బస్సు ఉచితమైనప్పుడు బస్టాండ్ బాత్రూంకి డబ్బులు ఎందుకు?

సిద్దిపేట కోడలు:
తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సులు ఉచితం. మా అత్తమ్మ బీపీ మందులకి పెద్దాసుపత్రికి ఇప్పుడు ఎవరినీ డబ్బులు అడగకుండా తనే వెళ్లి వస్తోంది. కానీ బస్సు దిగి బాత్రూంకి వెళ్తే టేబుల్ దగ్గరున్న మనిషి పది రూపాయలు తీయమంటాడు. వెనక గోడ మీద బోర్డులో మూత్రవిసర్జన ఉచితం, మరుగుదొడ్డికి 5 రూపాయలు అని రాసే ఉంది. "ఒకటికే కదా బాబూ" అంటే, "ఆడవాళ్లకి అంతా ఒకటే, లోపలికెళ్తే పదే" అన్నాడు. పక్కనే మగవాళ్లు మాత్రం గోడవైపు మూత్రశాలకి పైసా ఇవ్వకుండా వెళ్లి వస్తున్నారు. ఈ వసూలు తీసేయాలా, ఉంచాలా? నా మాట అయితే తీసేయాలి. మీరేమంటారు?

లెక్కల మాస్టారు, ఒంగోలు:
అమ్మా, బోర్డు మీద ఉన్న రేటుకి మించి తీసుకోవడం తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ మొత్తం ఉచితం చేయమంటే నేను ఒప్పుకోను. ఊళ్లలో ఉచితంగా పెట్టిన మరుగుదొడ్లు ఎన్ని తెరిచి ఉన్నాయో చూడండి. కుళాయి ఊడిపోతుంది, గడియ ఊడిపోతుంది, నెల తిరిగేసరికి తాళం పడుతుంది. సులభ్ సంస్థ వాళ్లు 1970లలో పాట్నాలో డబ్బు తీసుకుని నడిపే పద్ధతి మొదలుపెట్టాకే, జనం వాడుకోగలిగే మరుగుదొడ్డి అనేది మన బస్టాండ్లకీ రైల్వే స్టేషన్లకీ వచ్చింది. ఎండాకాలం ట్యాంకర్ నీళ్లకి, ఫినాయిల్‌కి, మనిషికి ఎవరో ఒకరు ఇవ్వాలి కదా. ఐదు రూపాయలకి శుభ్రంగా ఉంటే ఇవ్వడమే మేలు.

రైతుబజార్ పిల్ల:
మాస్టారూ, మీరు నెలకోసారి ప్రయాణం చేసే మనిషి లెక్క చెప్తున్నారు. మా అమ్మ పొద్దున ఐదింటికి ఆకుకూరలు తీసుకుని బస్టాండ్ పక్కన కూర్చుంటే రాత్రి ఎనిమిదికి లేస్తుంది. మూడుసార్లు వెళ్తే ముప్ఫై రూపాయలు. అవి పది తోటకూర కట్టల మీద మిగిలే డబ్బులు. అందుకని ఏం చేసింది? నీళ్లు తాగడం మానేసింది. మే నెలలో కూడా మధ్యాహ్నం దాకా ఒక గ్లాసుతో సరిపెట్టుకునేది. యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి, తగ్గి, మళ్లీ వచ్చింది. డాక్టరమ్మ "నీళ్లు బాగా తాగు, ఆపుకోవద్దు" అంది. ఎక్కడికెళ్లాలో మాత్రం చెప్పలేదు. అక్కడ కూర్చునే ఆడవాళ్లందరిదీ ఇదే కథ. నెలసరి రోజుల్లో అయితే సగంమంది ఆ నాలుగు రోజులూ వ్యాపారానికే రారు.

లా చదువుతున్నా:
ఈ గొడవ మనదే కాదు. ముంబైలో 2011లో ఆడవాళ్ల సంఘాలు కలిసి ‘రైట్ టు పీ’ (మూత్రానికి వెళ్లే హక్కు) అని పోరాటం మొదలుపెట్టింది సరిగ్గా దీని మీదే. మగవాళ్లకి మూత్రశాల ఉచితం, ఆడవాళ్లకి డబ్బులు, ఇదేం న్యాయం అని. 2015 డిసెంబర్‌లో బాంబే హైకోర్టు ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు ఉండడాన్ని రాజ్యాంగంలో జీవించే హక్కు ఇచ్చే 21వ అధికరణంతో ముడిపెట్టి, మున్సిపల్ కార్పొరేషన్లకు ఆదేశాలిచ్చింది. ఇంకో విషయం: పెట్రోల్ బంకుల్లో మరుగుదొడ్డి, తాగునీళ్లు ఉచితంగా ఇవ్వాలని ఆయిల్ కంపెనీల నిబంధనల్లోనే ఉంది. పెట్రోల్ బంకుకి వర్తించేది ప్రభుత్వ బస్టాండ్‌కి ఎందుకు వర్తించకూడదు?

పాత సూపర్‌వైజర్:
నేను కొన్నేళ్లు ఒక కాంట్రాక్టర్ దగ్గర ఇలాంటివి చూసుకున్నాను. ఎవరూ చెప్పని మాట చెప్తాను. బస్టాండ్ బాత్రూం చాలాచోట్ల టెండర్ మీద ఇస్తారు. టెండర్ ఎవరికి? నెలకి ఎక్కువ లైసెన్స్ ఫీజు కడతానన్నవాడికి. అంటే శుభ్రం చేసినందుకు వాడికి డబ్బు ఇవ్వరు, వాడి దగ్గరే తీసుకుంటారు. పోటీలో ఫీజు పెంచుకుంటూ పోయి పాడినవాడు, బోర్డు మీద రేటుతో ఆ డబ్బు ఎప్పటికీ రాబట్టలేడు. అప్పుడు రెండు దారులు. ఒకటి, ఐదుని పది చేయడం. రెండోది, ఖర్చు తగ్గించడం: ఇద్దరు చేసే పని ఒకరితో చేయించడం, యాసిడ్‌లో నీళ్లు కలపడం, రాత్రి పదికి తాళం వేయడం. ఆడవాళ్ల దగ్గర వసూలు తేలిక, ఎందుకంటే వాళ్లు బయట ఎక్కడా వెళ్లలేరు. సగం కలెక్షన్ అక్కణ్ణుంచే అని మా ఓనరే అనేవాడు. కాబట్టి మాస్టారూ, మీరిచ్చే ఐదు రూపాయలూ శుభ్రతకే పోతున్నాయని అనుకోకండి. ముందు లైసెన్స్ ఫీజుకి పోతాయి.

లెక్కల మాస్టారు, ఒంగోలు:
ఇది నాకు కొత్త సంగతి బాబూ. లైసెన్స్ ఫీజు తీసేసి, ఆర్టీసీయే శుభ్రతకి నెలకింత అని ఇస్తే, మూత్రానికి ఎవరి దగ్గరా తీసుకోనక్కర్లేదు. అంతవరకు సరే. స్నానానికి, మరుగుదొడ్డికి మాత్రం ఐదు రూపాయలు ఉంచాలనే ఇప్పటికీ అంటాను. పైగా డబ్బు తీసుకుంటే జనానికి అడిగే హక్కు ఉంటుంది: "ఐదు ఇచ్చాను, నీళ్లు లేవేంటి" అని.

సిద్దిపేట కోడలు:
మాస్టారు గారూ, ఆడమనిషి లోపలికి ఎందుకు వెళ్తోందో టేబుల్ దగ్గర చెప్పుకోవాలా? మరుగుదొడ్డికి రేటు ఉంచినంతకాలం ఆ ప్రశ్న ఉంటుంది, పది రూపాయలూ ఉంటాయి. స్నానానికి తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. హైదరాబాద్‌లో లూ కెఫేలు పెట్టారు కదా, ముందు టీ కొట్టు, వెనక ఉచిత బాత్రూం. కొట్టు ఆదాయంతో నడిచేలా. బస్టాండ్‌లో ఎన్ని కొట్లు లేవు?

కడిగే చేతులు:
మా అమ్మ బస్టాండ్ బాత్రూంలో పని చేస్తుంది. అందరూ రేటు గురించే మాట్లాడారు. ఆమెకి నెల జీతం లేదు. రోజు కలెక్షన్‌లోంచి ఓనరు ఎంతిస్తే అంత. బంద్ రోజున బస్సులు తిరగకపోతే ఆ రోజు కూలి లేదు. గ్లవ్స్ ఎప్పుడూ ఇవ్వలేదు, యాసిడ్‌కి వేళ్ల సందుల్లో తోలు ఊడిపోయింది. ఒకసారి ట్యాంకు నిండితే మనిషిని దింపి తీయించారు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం, రక్షణ సామగ్రి లేకుండా అలా దింపడం నేరం. ఉచితం చేయండి, నేనూ అదే కోరతాను. కానీ కలెక్షన్ ఆగిపోయిన రోజు మా అమ్మ జీతం ఎక్కడిదో ముందు కాగితం మీద రాయండి. లేకపోతే మీ పది రూపాయలు మిగులుతాయి, మా ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది.

పాత సూపర్‌వైజర్:
చెల్లెమ్మ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. టెండర్ షరతుల్లోనే కనీస వేతనం, బ్యాంకు ఖాతాలో జీతం, పీఎఫ్, గ్లవ్స్, ట్యాంకుకి మెషిన్ రాయించాలి. టెండర్ గడువు అయిపోయి కొత్తది పిలిచేటప్పుడు అడిగితేనే మారుతుంది, మధ్యలో ఎవరూ పట్టించుకోరు.

సిద్దిపేట కోడలు:
అయితే ఈసారి ‘డయల్ యువర్ డీఎం’ (డిపో మేనేజర్‌కి ఫోన్ చేసి చెప్పుకునే కార్యక్రమం) పెట్టినప్పుడు రేటు గురించి ఒక్కటే కాదు, మా బస్టాండ్ టెండర్ గడువు ఎప్పుడో అడుగుతాను. ప్రజావాణిలో కూడా అర్జీ ఇస్తాను. అందులో ముందు ఆ అమ్మ జీతం రాస్తాను, తర్వాత లైసెన్స్ ఫీజు రద్దు, ఆ తర్వాత ఆడవాళ్లకి ఉచితం, రాత్రంతా తెరిచి ఉంచడం. మీ ఊరి బస్టాండ్‌లో బోర్డు మీద ఎంత ఉందో, టేబుల్ దగ్గర ఎంత అడుగుతున్నారో రెండూ ఇక్కడ పెట్టండి. అర్జీకి జత చేస్తాను.